పాత వింటేజ్ పోర్ట్ సీసా: తెరవడం, రుచి చూడడం, విలువ కట్టడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లు దాటిన వింటేజ్ పోర్ట్ చేతికొచ్చినవారికి, కొనబోతున్నవారికి ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. సీసా ఎంత బాగా నిలిచింది, అందులోని వైన్ పుట్టుకతో ఎంత గొప్పది, ఇప్పుడు ఏ వయసులో ఉంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలగలిపేయడం వల్లే పాత పోర్ట్ మీద తప్పుడు తీర్పులు వస్తుంటాయి. అందుకే జవాబుల్లో పదేపదే ఈ మూడింటి దగ్గరికే వస్తాం.

వింటేజ్ పోర్ట్ అంటే ఏమిటి? మిగతా పోర్ట్‌లకూ దీనికీ తేడా ఎక్కడ?

పోర్చుగల్ ఉత్తర భాగంలో డోరో నది లోయ ఉంది. పోర్ట్ తయారయ్యేది అక్కడి ద్రాక్షతోనే. ఆ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్షరసం పులుస్తుండగా, చక్కెర ఇంకా చాలా మిగిలి ఉన్నప్పుడే, 77 శాతం ఆల్కహాలు ఉన్న ద్రాక్ష సారాయి పోస్తారు. దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. చివరికి లీటరుకు సుమారు 90 నుంచి 110 గ్రాముల చక్కెర, 20 శాతం చుట్టుపక్కల ఆల్కహాలు ఉంటాయి.

తేడా అంతా ఆ తర్వాతి జీవితంలో ఉంది. టానీ పోర్ట్ ఏళ్ల తరబడి చెక్క పీపాలో గాలి తగులుతూ పండుతుంది. సీసాలోకి వచ్చేసరికి దాని పని అయిపోతుంది. వింటేజ్ పోర్ట్ అలా కాదు. ఒకే ఏడాది పంటతో చేసి, రెండేళ్లు గడిచాక వడకట్టకుండా సీసాలో పోస్తారు. మిగతా ఇరవై, నలభై, అరవై ఏళ్లూ అది సీసా చీకట్లోనే మారుతుంది. మడ్డి పేరుకునేదీ, బిరడా మెత్తబడేదీ, తెరవడానికి ఇంత తతంగం అవసరమయ్యేదీ అందుకే. లేబుల్ మీద ‘లేట్ బాటిల్డ్ వింటేజ్’ అని ఉంటే అది వేరే రకం, నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో గడిపి వచ్చినది. ఏడాది అంకె చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

ప్రతి ఏడూ వింటేజ్ పోర్ట్ చేస్తారా?

పెద్ద సంస్థలు ప్రతి ఏడూ తమ ప్రధాన వింటేజ్‌ను ప్రకటించవు. పదేళ్లలో సుమారు మూడుసార్లు, పంట నిజంగా బాగా పండినప్పుడే ప్రకటిస్తాయి. ఐవీడీపీ అనే ప్రభుత్వ సంస్థ నమూనా రుచి చూసి ఒప్పుకోవాలి. 1945, 1963, 1970, 1977, 1985, 1994, 2000, 2011 అలాంటి ఏళ్లు. ఈ విషయంలో అందరిదీ ఒకే మాట కాదు. అందరూ మెచ్చిన 1977ను కాక్‌బర్న్ అనే సంస్థ ప్రకటించలేదు. డౌ, గ్రాహమ్, వార్ 1991ని ఎంచుకుంటే టేలర్, ఫొన్సెకా 1992కు మొగ్గాయి. టేలర్ పుట్టింది 1692లో కాబట్టి అది వారికి మూడువందలో ఏడు కూడా. కాబట్టి ఏడాది పేరు ఒక్కటే చూసి సీసా ఎంత మంచిదో చెప్పలేం, సంస్థ పేరు కూడా కలిపి చూడాలి.

గోవాలో దొరికే ‘పోర్ట్ వైన్’ కూడా ఇదేనా?

కాదు. పోర్చుగీసు పాలన వల్ల పేరు అక్కడ నిలిచిపోయింది. గోవా నుంచి మనవాళ్లు తెచ్చుకునే ఆ తీపి ఎర్ర వైన్ తాజాగా తాగేయాల్సిన సరుకు. దాన్ని ఇరవై ఏళ్లు దాచినా వింటేజ్ పోర్ట్ కాదు, పాడైన తీపి వైన్ అవుతుంది.

సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఏం మారుతుంది?

కొత్త వింటేజ్ పోర్ట్ సిరాలా నల్లగా ఉంటుంది. నోట్లో పోసుకుంటే చిగుళ్లు పట్టేసేంత వగరు. ఆ వగరు టానిన్‌లది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే ఈ పదార్థాలు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద గొలుసులవుతాయి. బరువెక్కి కరిగి ఉండలేక సీసా గోడకు పొరలా అంటుకుంటాయి. మడ్డి అంటే అదే. వైన్ పోగొట్టుకున్న రంగూ, వగరూ ఆ పొరలో కనిపిస్తాయి. ఊదా రంగు కాస్తా కెంపుకు, అక్కడి నుంచి ఇటుక ఎరుపుకు, చివరికి తేనె రంగుకు దిగుతుంది. తాజా పండ్ల వాసన పోయి ఎండుపండ్లు, తోలు, దేవదారు, తేయాకు వాసనలు వస్తాయి.

చక్కెర, ఆల్కహాలు మాత్రం దాదాపు ఎక్కడివక్కడే ఉంటాయి. పాత సీసాను అంచనా కట్టడంలో ఇది చాలా ముఖ్యమైన విషయం. పండు సారం, వగరు, పులుపు తగ్గుతూ పోతుంటే తీపీ ఘాటూ తగ్గవు. అందువల్ల ముసలిదైపోయిన పోర్ట్ పలచగా, తియ్యగా, గొంతులో మంటగా మిగులుతుంది. బాగా నిలిచిన పోర్ట్‌లో ఆ తీపిని మోయడానికి ఇంకా ఏదో ఒక వెన్నెముక ఉంటుంది.

ఎన్నేళ్లకు తాగితే మంచిది?

మంచి ఏడాది, మంచి సంస్థ అయితే ఇరవై ఏళ్లకు తలుపు తెరుచుకుంటుంది, ముప్పై నుంచి యాభై మధ్య బాగా పలుకుతుంది. 1963, 1970 ఏళ్ల గొప్ప సీసాలు అరవై ఏళ్ల చేరువలోనూ నిలబడగలవు. అదే ఏడాది సగం సీసాలు, అంటే 375 మి.లీ.వి, త్వరగా ముసలివవుతాయి. మాగ్నమ్‌లు, అంటే లీటరున్నర పట్టే పెద్ద సీసాలు, నెమ్మదిగా. 1975 లాంటి తేలిక ఏళ్లను దాచిపెట్టి లాభం లేదు, వాటి సమయం ఎప్పుడో దాటిపోయింది.

తెరవకముందే సీసాను చూసి ఏం చెప్పవచ్చు?

చాలానే చెప్పవచ్చు. డబ్బు పెట్టి కొనేవారు ఎక్కువ సమయం గడపాల్సింది ఇక్కడే.

మొదట మట్టం. సీసాను నిలబెట్టి, వెనుక టార్చి వేసి, వైన్ ఎక్కడిదాకా ఉందో చూడండి. మెడలో ఉంటే శుభం. నలభై, యాభై ఏళ్ల సీసాలో మెడ మొదలు దగ్గరో, భుజం పైభాగంలోనో ఉండడం సహజమే. భుజం మధ్యకు దిగితే అనుమానించాలి. ముప్పై ఏళ్ల సీసాలో అలా ఉంటే బిరడా కారిందనే లెక్క. డెబ్భై ఏళ్లు దాటిన సీసాలో భుజం మధ్య మట్టాన్ని ఒప్పుకోవచ్చు కానీ ధర ఆ మేరకు తగ్గాలి. భుజం కిందికి దిగినదాన్ని తాగే ఉద్దేశంతో కొనవద్దు.

తర్వాత మూత. లోహపు తొడుగు కిందినుంచి జిగటగా ఎండిన చారలు, లేబుల్ మీద గోధుమ రంగు మరక ఉంటే వైన్ ఎప్పుడో బయటికి వచ్చిందన్నమాట. వైన్ బయటికి వచ్చిన దారినే గాలి లోపలికి వెళుతుంది. బిరడా మూతి పైకి ఉబికి ఉంటే వేడి తగిలింది. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను నెడుతుంది. తొడుగు మీద బూజు మాత్రం భయపడాల్సిందేమీ కాదు. చెమ్మ ఉన్న నేలమాళిగలో పడుకున్న గుర్తు అది.

మూడోది రంగు. సీసా గాజు నల్లగా ఉంటుంది కాబట్టి మెడ దగ్గరే రంగు తెలుస్తుంది. బలమైన లైటు వెనుక పెట్టండి. ఎరుపు ఏ కాస్తయినా కనిపించాలి. అదే ఏడాది, అదే సంస్థ సీసాలు రెండు మూడు ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒకటి మాత్రం టీ డికాషన్ రంగులో ఉంటే, మిగతావి ఎర్రగా ఉంటే, ఆ ఒక్కటి వెనక్కి ఇచ్చేయండి. ఒకే పెట్టెలోంచి వచ్చిన సీసాలు ఒకేలా ఉంటాయని అనుకోవద్దు. బిరడా చెట్టు బెరడు, ఏ రెండు ముక్కలూ ఒకటి కావు.

సీసా మీద తెల్లటి సున్నపు మరక ఏమిటి?

పాత సీసాలను పడుకోబెట్టినప్పుడు పైవైపు ఏదో తెలిసేలా సున్నంతో ఒక చుక్క వేసేవారు. మడ్డి దానికి ఎదురు వైపున పేరుకుని ఉంటుంది. మరకను కడగవద్దు. పడుకోబెట్టినా, వంచినా ఆ మరక పైకే ఉండాలి.

లేబుల్ చిరిగిపోయింది, లేదా అసలు లేదు. నకిలీ అనుకోవాలా?

తొందరపడవద్దు. 1970 వింటేజ్ వరకు చాలా పోర్ట్ పీపాల్లో ఇంగ్లండ్‌కు, స్కాట్లండ్‌కు వెళ్లి అక్కడి వ్యాపారుల చేతుల్లో సీసాల్లోకి చేరింది. అలాంటి సీసాలకు వ్యాపారి సొంత చీటీ ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. పోర్చుగల్‌లోనే నింపాలన్న నియమం వచ్చాక 1975 వింటేజ్ నుంచి ఆ అలవాటు ఆగిపోయింది. అందుకే 1963 సీసా మెడకు పోర్చుగల్ హామీ కాగితపు ముద్ర లేకపోతే అది దోషం కాదు. 1985 సీసాకు లేకపోతే మాత్రం ఎందుకు లేదో అడగాలి.

అసలు సాక్షి బిరడా. నిజమైన వింటేజ్ పోర్ట్ బిరడా మీద సాధారణంగా సంస్థ పేరు, ఏడాది ముద్రించి ఉంటాయి. తొడుగు పైభాగాన్ని కొద్దిగా తీసి, మెడ గాజు వెనుక లైటు వేస్తే తెరవకుండానే అక్షరాలు కొన్ని చదవగలం. తెరిచాక బిరడాను పారేయకుండా సీసాతోపాటు ఉంచండి.

మన ఇళ్లలో దీన్ని నిల్వ చేయగలమా?

పోర్ట్‌కు కావలసింది 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చెమ్మ, చీకటి, కదలిక లేకపోవడం. హైదరాబాద్, విజయవాడ ఎండాకాలంలో గది 35 డిగ్రీలు దాటుతుంది. అటక మీద ఒక్క వేసవి చాలు, పదేళ్ల వయసు తెచ్చిపెడుతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే రోజూ వాడే ఫ్రిజ్‌లో కింది అరలో, గుడ్డ చుట్టి, కొన్ని నెలలు ఉంచడం అటకకన్నా వెయ్యి రెట్లు నయం. ఏళ్ల తరబడి మాత్రం అక్కడా వద్దు. పొడిగాలికి బిరడా ఎండిపోతుంది.

లండన్ నుంచో, న్యూజెర్సీ నుంచో ఎవరైనా సూట్‌కేసులో తెస్తే ఆ వారమే తెరవకండి. దారిపొడుగునా కుదుపులకు మడ్డి అంతా కలిసిపోయి ఉంటుంది. చల్లటి చోట మూడు వారాలైనా కదలకుండా ఉంచండి.

తెరవడానికి ఎన్ని రోజుల ముందు నిలబెట్టాలి?

కనీసం 24 గంటలు, వీలైతే రెండు మూడు రోజులు. మడ్డి అడుక్కు దిగడానికి ఆ వ్యవధి కావాలి. నలుసులా సన్నటి మడ్డి అయితే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. నిలబెట్టాక మళ్లీ కదపకండి. రాత్రి ఎనిమిదికి విందు అని మధ్యాహ్నం నిలబెడితే సగం సీసా బురదే వస్తుంది.

బిరడా విరగకుండా తీయడం ఎలా?

పాత పోర్ట్ సీసా మెడ తరచుగా మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. బిరడా ఏళ్లుగా ఆ ఉబ్బులోకి వ్యాపించి, కింద లావుగా, పైన సన్నగా మారుతుంది. లావైన భాగాన్ని సన్నటి మూతి గుండా లాగుతున్నాం కాబట్టే విరుగుతుంది. మీ చేతకానితనం అనుకోవద్దు.

తొడుగును మూతి కింద అంగుళం దాకా కోసి తీసేయండి. లక్క ఉంటే కత్తి వెనుకవైపుతో మెల్లగా తట్టి పెచ్చులుగా రాల్చి, తడిగుడ్డతో మూతిని శుభ్రంగా తుడవండి. లక్కపొడి లోపల పడితే తీయడం కష్టం. ఆ తర్వాత రెండు దారులున్నాయి. బిరడా గట్టిగా ఉంటే పొడవాటి మర ఉన్న ఓపెనర్‌ను నిలువునా, మధ్యలో, దాదాపు చివరిదాకా దించి చాలా నెమ్మదిగా లాగండి. మెత్తగా, పొడిపొడిగా అనిపిస్తే రెండు పలుచని రేకులున్న ఓపెనర్ వాడండి. రేకులను బిరడాకూ గాజుకూ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ పైకి తీయాలి. బిరడా కిందికి జారుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపి మరను వాడండి. మర, రేకులు రెండూ కలిసిన పనిముట్టు కూడా దొరుకుతుంది. నలభై ఏళ్లు దాటిన సీసాలు తరచూ తెరిచేవారికి అదే కొనమని చెబుతాం.

అయినా విరిగింది. ఇప్పుడేం చేయాలి?

మిగిలిన ముక్కలోకి మరను ఏటవాలుగా దించి గాజు గోడకు ఆనించి లాగితే చాలాసార్లు వస్తుంది. రాకపోతే లోపలికి నెట్టేయండి. బిరడా ముక్కలు వైన్‌ను పాడుచేయవు, గుడ్డతో వడకడితే చాలు.

ఎర్రగా కాల్చిన ఇనుప పటకారుతో మెడనే విరగ్గొట్టే పద్ధతి డోరోలో ఇప్పటికీ ఉంది. పటకారును మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, బిరడా కిందుగా మెడను నిమిషం పైగా పట్టి ఉంచి, వెంటనే చన్నీళ్లలో ముంచిన గుడ్డ అద్దుతారు. వేడికి వ్యాకోచించిన గాజు ఒక్కసారిగా కుంచించుకుని గీత గీసినట్టు చిట్లుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, ఇతరులు చుట్టూ ఉన్నప్పుడు దీన్ని ప్రయత్నించవద్దు. మామూలు పటకారుతో అసలే వద్దు, వేడి సమంగా పాకక గాజు వంకరగా పగులుతుంది.

మడ్డి కలవకుండా తేట వంచడం ఎలా?

ఇంట్లో చారు కుండలోంచి తేట వంచేటప్పుడు చేయి ఎలా నిలకడగా ఉంటుందో ఇక్కడా అంతే. ఒక్కటే తేడా, మధ్యలో ఆపకూడదు.

ముందు జాడీని, అంటే తేట వంచి పోసుకునే పాత్రను, వాసన చూడండి. సబ్బు వాసన, అలమార వాసన ఉంటే వేడినీళ్లతో కడిగి, కాస్త వైన్‌తో తొలిపి ఆ కాస్తా పారబోయండి. గరాటులో పలుచని తెల్ల నూలు గుడ్డ పెట్టండి. గుడ్డను ముందే మరిగించి, సబ్బు లేకుండా పిండి ఆరబెట్టాలి. గంజి పెట్టిన గుడ్డ, తెల్లబరచిన కాఫీ ఫిల్టరు కాగితం రెండూ వైన్‌కు తమ రుచి అంటిస్తాయి.

టార్చిని బల్ల మీద నిలువుగా పెట్టి, సీసా భుజం సరిగ్గా దాని పైకి వచ్చేలా పట్టుకోండి. కొవ్వొత్తి అయినా సరే, కానీ నల్లటి గాజుకు టార్చే మేలు. సీసాను నెమ్మదిగా వంచి, సన్నటి ధారగా, ఒకే ఊపులో పోయండి. గడగడమని గాలి లోపలికి వెళితే మడ్డి లేస్తుంది. చూపు ఎప్పుడూ భుజం మీదే. మొదట పొగలాంటి సన్నటి తీగ ఒకటి మెడవైపు వస్తుంది. అది చూసి జాగ్రత్తపడండి. దాని వెనుకే నల్లటి పలుకులు వస్తాయి. అక్కడ ఆపేయండి. 750 మి.లీ. సీసాలో 50 నుంచి 70 మి.లీ. వదిలేయాల్సి వస్తుంది. ఆ కాస్త కోసం ఆశపడి మొత్తాన్ని బురద చేసుకునేవాళ్లే ఎక్కువ.

ఆ మడ్డి హానికరమా?

కాదు. చేదుగా, నాలుక మీద ఇసుకలా ఉంటుంది, అంతే. గుడ్డలో వడకట్టి మాంసం పులుసులో వేసేవారున్నారు.

జాడీలోకి వంచి ఎంతసేపు ఉంచాలి?

20 నుంచి 30 ఏళ్ల వైన్‌కు మూడు నాలుగు గంటలు. 30 నుంచి 45 మధ్య అయితే రెండు గంటలు. అంతకన్నా పాతదైతే అతిథులు కూర్చునే సమయానికి అరగంట, గంట ముందు చాలు. ఇవి మొదటి అంచనాలు మాత్రమే. వంచిన వెంటనే ఒక గుక్క రుచి చూసి నిర్ణయించుకోండి. మూసుకుని, వగరుగా ఉంటే ఇంకాసేపు ఉంచండి. అప్పుడే ఘుమఘుమలాడుతుంటే జాడీకి మూత పెట్టేయండి.

మూత తీసిన మొదటి పది నిమిషాల్లో మురికి నీళ్ల వాసనో, పాత పెట్టె వాసనో రావచ్చు. నలభై ఏళ్లు గాలి ఆడని చోట ఉన్నదానికి అది సహజం. ఆ వాసన గాలికి పోతుంది. పోకుండా పెరిగితేనే దోషం.

ఏ వేడిలో, ఏ గ్లాసులో పోయాలి?

16 నుంచి 18 డిగ్రీలు. మన గది వేడిలో పోస్తే ఆల్కహాలు ముందుగా ముక్కుకు కొట్టి మిగతావన్నీ దాక్కుంటాయి. జాడీని చల్లటి నీళ్ల గిన్నెలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఐసు వేయవద్దు, మరీ చల్లబడితే వగరు గరుకుగా తేలుతుంది. గ్లాసు తామరమొగ్గలా పైన ముడుచుకున్నది కావాలి. చిన్న లిక్కర్ గ్లాసులు పనికిరావు, తిప్పడానికి చోటుండదు. 60 నుంచి 70 మి.లీ. పోయండి. ఒక సీసా పదిమందికి వస్తుంది.

గదిలో అగరొత్తులు, దోమల చుట్ట, మల్లెపూలు, వంటింట్లోంచి తాళింపు వాసన ఏవీ ఉండకూడదు. రుచి చూడడానికి గంట ముందు కాఫీ, వక్కపొడి వద్దు.

రుచి చూసే క్రమం ఏమిటి?

తెల్ల కాగితం మీదుగా గ్లాసును ఏటవాలుగా వంచి రంగు చూడండి. నడిమి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి. రెండింటి మధ్య ఎన్ని ఛాయలు మారుతున్నాయో చూడండి. ముప్పై ఏళ్ల మంచి పోర్ట్‌కు నడుమ దానిమ్మ గింజ ఎరుపు, అంచున ఇటుక రంగు ఉంటాయి. యాభై ఏళ్లకు నడుమ కూడా పలచబడి, అంచు తేనె రంగుకు వస్తుంది. రంగు పలచగా ఉన్నంత మాత్రాన వైన్ బలహీనమని కాదు. మసకగా, మెరుపు లేకుండా ఉంటే అనుమానించాలి, వంచడంలో మడ్డి కలిసిందేమో కూడా చూసుకోవాలి.

వాసన మూడుసార్లు చూడండి. గ్లాసు కదపకుండా ఒకసారి. తిప్పి ఒకసారి. పది నిమిషాలాగి మళ్లీ. పాత పోర్ట్ మొదటి వాసనకు లొంగదు. మూడోసారి కొత్త వాసన ఏదైనా కలిసిందంటే మంచి సూచన. మొదటిసారి ఉన్నది మూడోసారికి లేకపోతే వైన్ అలసిపోయింది.

తర్వాత పది మి.లీ. నోట్లోకి తీసుకుని, పది పదిహేను క్షణాలు నాలుక అంతా పాకనివ్వండి. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది. వగరు అనే రుచికి మనకు చిన్నప్పటినుంచీ పేరు తెలుసు. ఉసిరికాయ, పచ్చి అరటికాయ, మామిడి జీడి తిన్న నోటికి టానిన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తీపి, పులుపు, వగరు, ఘాటు నాలుగింటినీ విడివిడిగా గమనించండి. తీపి ముందు తగులుతుంది. నాలుక పక్కల నీరూరుతోందంటే పులుపు బతికే ఉంది. చిగుళ్ల మీద పట్టు వగరు. గొంతులో వెచ్చదనం ఆల్కహాలు. నాలుగింటిలో ఒక్కటి మిగతావాటిని తోసుకుని ముందుకొస్తే తూకం తప్పినట్టు. పరిపక్వమైన పోర్ట్‌లో వగరు పచ్చి ఉసిరికాయలా కొరకదు, బాగా కాచిన టీలా నాలుక మీద మెత్తగా పరుచుకుంటుంది.

చివరగా, మింగాక లేదా ఉమ్మాక రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. తీపి, మంట కాదు, వాసనతో కూడిన అసలు రుచి. పది క్షణాల్లో పోతే సాధారణం. అర నిమిషం దాటితే గొప్ప వైన్. మూడు నాలుగు సీసాలు పోల్చేటప్పుడు తప్పకుండా ఉమ్మండి. 20 శాతం ఆల్కహాలుతో రెండో సీసాకే ముక్కు మొద్దుబారుతుంది.

వాసనలకు ఏ పేర్లు పెట్టుకోవాలి?

మనకు తెలిసినవే. అల్లనేరేడు, ఎండు ద్రాక్ష, అంజీర, ఖర్జూరం, అతిమధురం, లవంగం, ఎండిన గులాబీ రేకులు, చందనం, పొగాకు, పాత తోలు సంచి, కాఫీ గింజలు, ముదురు బెల్లం పాకం. ఎప్పుడూ చూడని బ్లాక్‌కరెంట్ పేరు రాసుకోవడం కన్నా నేరేడు అని రాసుకున్న మాటే ఏడాది తర్వాత మీకు ఉపయోగపడుతుంది. ఒకే వ్యక్తి ఒకే వాసనకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టడమే ముఖ్యం.

చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

తడిసిన అట్టపెట్టె, చెమ్మ పట్టిన గోనెసంచి వాసన వచ్చి, గంటకు ఇంకా ఎక్కువైతే బిరడా దోషం. దానికి మందు లేదు. తక్కువ మోతాదులో వాసన తెలియదు, పండు రుచి మాత్రం మాయమవుతుంది. అదే ఏడాది సీసా ఇంకొకటి తెరిస్తే గానీ పట్టుబడదు.

గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాసన, వెనిగర్ ఘాటు వస్తే ఆమ్లం పెరిగింది. పాత పోర్ట్‌లో అది ఇసుమంత ఉంటే వాసనను పైకి లేపుతుంది, తప్పు పట్టనక్కర్లేదు. గొంతు గీరితే దోషమే.

వేడికి దెబ్బతిన్నది వేరు. ఉడికించిన పండు, మాడిన పాకం వాసన, వయసుకు మించిన గోధుమ రంగు, తాజాదనం ఏమాత్రం లేకపోవడం దాని గుర్తులు. చాలామంది దీన్ని ‘బాగా పండింది’ అని పొరబడతారు. పులుపును బట్టి తేల్చుకోండి. పండిన వైన్‌లో పులుపు నిలుస్తుంది, ఉడికిన వైన్‌లో అన్నీ కలిసి ఒకే ముద్దగా ఉంటాయి.

చివరికి తీర్పు ఎలా రాయాలి?

మూడు వేర్వేరు వరుసలు రాయండి. మొదటిది సీసా స్థితి: మట్టం, బిరడా, దోషాలు. రెండోది నాణ్యత: తూకం, లోతు, నిలిచే రుచి. మూడోది వయసు: ఇంకా మూసుకుని ఉందా, మంచి దశలో ఉందా, దిగుతోందా. ‘స్థితి మధ్యస్థం, బిరడా సగందాకా నానింది, నాణ్యత చాలా ఎక్కువ, రుచి 40 క్షణాలు, దిగుదల మొదలైంది, మిగతా సీసాలు రెండేళ్లలో తాగాలి’ అని రాసుకుంటే అది పనికొచ్చే తీర్పు. వందకు 92 అని ఒక్క అంకె వేస్తే, ఆ ఎనిమిది మార్కులు వైన్ పోగొట్టిందో బిరడా పోగొట్టిందో తెలియదు.

సంస్థల తీరు కూడా తెలిసి ఉండాలి. డౌ సహజంగానే కాస్త తీపి తక్కువ, బిగువు ఎక్కువ. గ్రాహమ్ నిండుగా, తియ్యగా ఉంటుంది. టేలర్ బిగువుగా, నెమ్మదిగా విచ్చుకుంటుంది. డౌ సీసాలో తీపి తక్కువైందని మార్కులు కోస్తే, అది ఆ సంస్థ దారిని తప్పుపట్టడమే.

అమ్మాలంటే ధర దేన్ని బట్టి?

సంస్థ, ఏడాది, మట్టం, ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది అన్న ఆధారం. ఈ నాలుగో దానికే అనుభవజ్ఞులు ఎక్కువ బరువిస్తారు. కొన్న రసీదు, గోదాము కాగితాలు ఉంటే వేలంలో నమ్మకం వస్తుంది. అసలు చెక్కపెట్టెలో పన్నెండూ ఉంటే విడి సీసాల కన్నా మేలు. కొనేవారు మాత్రం వేలం ధర మీద వేలం సంస్థ తీసుకునే అదనపు శాతాన్ని, భారత్‌కు తెచ్చుకునేటట్టయితే కస్టమ్స్ సుంకాన్ని ముందే కలుపుకోవాలి. చేతి సామానులో సీసా రానివ్వరు, అదీ గుర్తుంచుకోండి.

దీంతో ఏం తినాలి?

ఇంగ్లండ్‌లో స్టిల్టన్ జున్ను (ఒక రకం చీజ్), అక్రోటు కాయలు. ఆ జత ఊరికే రాలేదు, జున్ను ఉప్పు తీపిని నిలబెడుతుంది. గులాబ్ జామూన్, తాపేశ్వరం కాజా దగ్గరికి రానివ్వకండి. వైన్ కన్నా తియ్యటివి ఏవి తిన్నా పోర్ట్ పలచగా, పుల్లగా అనిపిస్తుంది. ఉప్పు లేకుండా వేయించిన జీడిపప్పు, బాదం చక్కగా సరిపోతాయి. నలభై దాటిన సీసా అయితే మొదటి గ్లాసు ఏమీ తినకుండానే తాగండి.

మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

టానీలా వారాలు ఉండదు. 25 ఏళ్ల వింటేజ్ రెండు మూడు రోజులు, 40 దాటినది ఒక్క రోజు. జాడీలోనే వదిలేయకుండా చిన్న శుభ్రమైన సీసాలో అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మళ్లీ రుచి చూసి, మొదటి రోజు రాసుకున్న మూడు వరుసల కింద తేదీ వేసి నాలుగోది చేర్చండి. మర్నాటికీ నిలబడిందంటే, అదే ఏడాది మిగతా సీసాలను ఇంకో ఐదేళ్లు నిశ్చింతగా దాచుకోవచ్చు.